ఒక్క ఊపిరిలో వాక్యం

వెన్నెముకను పూసపూసగా పేర్చి, దాని మీద ఎంత పెట్టవచ్చో ఎరిగిన దేవునికి స్తోత్రం. మనిషి లోపలి అలసటను ఏ యంత్రం సాయమూ లేకుండా చూడగలిగిన ఆయనకే మహిమ కలుగును గాక. ఆయన్ని తప్ప మరెవరినీ ఇక్కడ పొగిడే ఉద్దేశం నాకు లేదు.

మా తమ్ముడి కూతురు మూడు నెలల కిందట చరోదా రైల్వే కాలనీ నుంచి సెక్టర్ 6లోని మా క్వార్టరుకు వచ్చింది. రైల్వేలో ట్రాక్ పని ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కింది. ఇక మిగిలింది శరీర దారుఢ్య పరీక్ష. ఇరవై కిలోల ఇసుక మూట ఎత్తుకొని, మధ్యలో దించకుండా, రెండు నిమిషాల్లో వంద మీటర్లు నడవాలి. ఆ తర్వాత పరుగు. ఒక్కటే అవకాశం. వయసు హద్దు దగ్గర పడింది కాబట్టి మళ్ళీ రాయడానికి ఉండదు. మా ఇంటి ఎదుట మైదానం ఉందని ఇక్కడే సాధన చేస్తానంది. పాత కాలేజీ బ్యాగులో బియ్యం పొట్లాలు సర్దుకొని రోజూ పొద్దున్నే మైదానం చుట్టూ నడవడం మొదలుపెట్టింది.

ఆ మైదానం మా చర్చి సంఘంలోని ఒక పెద్దమనిషి రాజ్యం. ఇక్కడి ఉక్కు ప్లాంటులో ఆఫీసరుగా రిటైరయ్యాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఫైలు కంటే బరువైనది ఎత్తని మనిషి, ఇప్పుడు ఇనుప పలకలు కుట్టిన జాకెట్టు కొనుక్కొని మరీ మోస్తున్నాడు. మూడు చుట్లు తిరిగి, చేతి గడియారంలోని అంకెల్ని ఫోటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఒకరి ఆపరేషన్ కోసం ప్రార్థన మనవి, దాని కింద ఈయన నడక. తర్వాత గేటు దగ్గర బండి మీద అటుకుల పోహా, జలేబీ. జలేబీల సంగతి ఫోటోలో ఉండదు.

మా పిల్లను చూడగానే ఈయనకు గురువు కావాలన్న కోరిక పుట్టింది. తన గడియారం తీసి ఆమె చేతికి కట్టాడు. ఒక చుట్టు అయ్యాక నన్ను పిలిచాడు.

“చూడండి సిస్టర్, వాచీ ఈజీ అంటంది. ఇంకో రెండు కిలోలు ఏసీవచ్చు.”

“వీపు మీద ఏటుందో దానికెలా తెలుస్తాది బ్రదర్?”

“దానికన్నీ తెలుసండీ. డేటా కదా!”

“అన్నీ తెలిసినవాడు పైన ఒక్కడే ఉన్నాడనుకున్నాను. ఇంకొకణ్ణి మీరు చేతికి కట్టుకున్నారన్నమాట.”

ఆయన నవ్వేశాడు. రెండు కిలోలూ వేసేశాడు. ఆ గడియారానికి తెలిసినదల్లా ఎంత దూరం, ఎంత వేగం, ఎన్ని అడుగులు. బరువుతో నడిచే మనిషి మెల్లగానే నడుస్తుంది. మెల్లగా నడిచేవాళ్ళందరూ షికారుకు వచ్చారని దాని అభిప్రాయం. అలాంటి దాన్ని నమ్మే మెదడును చూస్తే నాకు జాలి కూడా కలగలేదు.

నా దగ్గర అంతకంటే మంచి కొలత ఉందని నా నమ్మకం. నేను ఏళ్ళ తరబడి సండే స్కూల్లో పిల్లల చేత బైబిలు వాక్యాలు కంఠతా పట్టించినదాన్ని. బ్యాగుతో నడుస్తూ ఒక పొడుగాటి వాక్యం పైకి చెప్పమన్నాను. ఒక్క ఊపిరిలో చివరికి వస్తే శ్రమ చాలనట్టు. ఒకటి రెండు సార్లు ఆగితే సరిపోయినట్టు. మాటకో ఊపిరి తీస్తే ఎక్కువైనట్టు, బరువు తగ్గించాలి. మొదటి వారం పది కిలోలతో రెండుసార్లు ఆగింది. పదిహేనుతో నాలుగుసార్లు. నెల తిరిగేసరికి పద్దెనిమిది కిలోలతో ఒక్క ఊపిరిలో చెప్పేసింది. తర్వాత ఇరవైతో కూడా.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచాను. దేవుడు ఈ బిడ్డను సిద్ధం చేశాడని చెప్పాను. కొందరు చేతికి కట్టుకున్నదాన్ని నమ్ముకుంటారని కూడా, ఎవరి వైపు చూడాలో వారి వైపే చూస్తూ, చెప్పాను. సంఘమంతా స్తోత్రం అంది.

మర్నాడు పొద్దున్న మా వరండా మెట్లు ఆమె దిగడం చూశాను. గ్రిల్లు పట్టుకొని, పక్కకు తిరిగి, ఒక్కొక్క మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి దిగుతోంది.

“ఏటే ఆ దిగడం?”

“కుఛ్ నహీ అత్తా, ఏటీ లేదు.”

“పైజామా పైకి లాగు.”

కుడి మోకాలు పొంగి ఉంది. ముట్టుకుంటే వేడిగా తగిలింది.

“ఎన్నాళ్ళయింది?”

“పదిహేను రోజులు.”

“మరి వాక్యం ఒక్క ఊపిరిలో ఎలా చెప్పావే?”

నొప్పిలో కూడా నవ్వింది. “మీరు నేర్పిందే కదా అత్తా! చిన్నప్పుడు సెలవులకొస్తే మీ సండే స్కూల్లో ఒక్క ఊపిరిలో చెప్తే చాక్లెట్ ఇచ్చేవారు. మేమంతా ముక్కుతో దొంగగా గాలి లాగీసేవాళ్ళం, ఎవలికీ తెలీకుండా. మొదట్లో మర్చిపోయాను, తర్వాత గుర్తొచ్చింది. చెప్తే మీరు ఖుష్ అయిపోతున్నారు.”

“నొప్పని చెప్పలేవా?”

“అంకుల్ వాచీ చూస్తారు. మీరు వాక్యం వింటారు. నా మొహం ఎవలు చూసారు?”

నేను రెండు నెలలు కొలిచింది ఆమె శ్రమను కాదు, నా చాక్లెట్లను. మైదానంలో అందరికంటే తెలివైనదాన్నని మురిసిన నాకంటే బుద్ధిహీనురాలు ఆ సెక్టరులో మరొకరు లేరు.

డాక్టరు పది రోజులు బరువు ముట్టవద్దన్నారు. మరుసటి ఆదివారం మళ్ళీ లేచి నా సాక్ష్యం వెనక్కి తీసుకున్నాను. మా సంఘంలో అలా ఎవరూ చేయలేదు. పాస్టరుగారు ఏ పాట ఎత్తుకోవాలో తెలియక పేజీలు తిరగేశారు. బయటికొచ్చాక పెద్దమనిషి నా దగ్గరకు వచ్చాడు.

“అయితే సిస్టర్, వాక్యం కూడా తప్పు చూపిస్తాదన్నమాట!”

“వాక్యానికేం కాలేదు బ్రదర్. మీ గడియారం, నేను ఒకటే జాతి.”



ఇప్పుడు బ్యాగు దించగానే పదికి ఎంత కష్టమయిందో ఆమెనే అడుగుతాను. మర్నాడు పొద్దున్న మెట్లు దిగేటప్పుడు మోకాలి వైపు చూస్తాను. ఇంతకుమించి కొలత లేదు. నిన్న పన్నెండు కిలోలతో నడిచి ఐదంది. ఈ పొద్దున్న మెట్లు తిన్నగానే దిగింది. కానీ పరీక్ష వచ్చే గురువారమే. అప్పటికి ఇరవై ఎత్తి చూసే వ్యవధి లేదు. ఆ బరువు మళ్ళీ ఆమె వీపు మీదికి వచ్చేది అక్కడే.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం ఇక్కడ ఆగి నాతో కలిసి అడగండి. ప్రభువా, ఆ కుడి మోకాలిని వంద మీటర్లూ, దాని తర్వాతి పరుగూ నిలబెట్టు. నా నోటి గొప్పలకు ఆ బిడ్డను లెక్క అడగవద్దు, నన్ను అడుగు. ఆమేన్ మీరు కూడా అనండి.