బంద్ నాడు డప్పు కాపిన మనిషి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఈ ముక్క ముందే చెప్పకపోతే కోరుట్లలో నా దోస్తులు ఆట పట్టించి చంపుతారు. మాది చావుకు డప్పు కొట్టే ఇల్లు. మీసాలు రాకముందే శవాల ముందు నడిచాను. దహనమయ్యాక అందరూ వెళ్ళిపోతే, మరిచిపోయిన డప్పు పుల్ల కోసం ఒక్కణ్ణే మళ్ళీ శ్మశానానికి పోయి తెచ్చుకున్నాను. ఏ దయ్యమూ నన్ను పలకరించలేదు.

ఇప్పుడు మైకు సెట్టూ టెంట్‌హౌసూ నడుపుతున్నాను. వైర్లతో బతికేవాణ్ణి. చప్పుడు వచ్చిందంటే ఎక్కడో కరెంటు ఉన్నట్టే అనుకుంటాను. అయినా ఒక్క మధ్యాహ్నం గురించి నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నాతో ఉన్న ఇద్దరూ బతికే ఉన్నారు. అబద్ధం రాస్తే వాళ్ళే నా చెవి మెలిపెడతారు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. ఊరూరా ధూంధాం పాటల సభలు. అంతకుముందు చావుకో జాతరకో గుర్తొచ్చే డప్పును, జనం అన్నిటికన్నా ముందు స్టేజీ మీదికి పిలవడం మొదలుపెట్టారు. అబ్బ, ఎంత గర్వంగా ఉండేదో! అట్లాంటి ఒక ధూంధాంకే సిరిసిల్ల పోయాను. అక్కడ లావణ్య పాడింది. తంగళ్ళపల్లి పిల్ల. వాళ్ళ నాన్న సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే మనిషి. పుట్టినప్పటి నుంచి ఆ సాంచెల చప్పుడును మించి మాట్లాడీ మాట్లాడీ ఆమెకు అంత గొంతు వచ్చింది. మధ్యలో మైకు పోయింది. ఆమె పాట ఆపలేదు. చివరి వరసలో ఉన్నవాళ్ళకు మైకు పోయిన సంగతే తెలియలేదు. ఆ రోజుతో నా పని అయిపోయింది.

మాకు మూడోవాడు మల్లేశం. కొడిమ్యాల వాడు. గజ్జె కట్టి ఎగిరితే స్టేజీ చెక్కలు లేచేవి. వాడికి సినిమా హీరో కావాలని కోరిక. ఫోటోల ఆల్బం చంకన పెట్టుకుని హైదరాబాద్‌లో సినిమావాళ్ళుండే కృష్ణానగర్ అంతా తిరిగేవాడు. వారానికొక అమ్మాయిని ప్రేమించేవాడు. పాపం, ఆ సంగతి ఆ అమ్మాయిలకు తెలిసేది కాదు.

టీవీలో కనబడాలి, పేరు రావాలి అని ముగ్గురం హైదరాబాద్ చేరాం. నేనూ మల్లేశం రాంనగర్‌లో ఒక రేకుల గదిలో, లావణ్య ఆడపిల్లల హాస్టల్లో. పొద్దున అటుకులు, సాయంత్రం రిహార్సలు. ఆకలి బాగానే ఉండేది గానీ, అంత నవ్వులు నేను మళ్ళీ ఎన్నడూ నవ్వలేదు.

మా పెద్దబాపు గురించి చెప్పాలి. నాన్న నా చిన్నప్పుడే పోతే, ఆయన అన్న పోశయ్య నన్ను పెంచి డప్పు నేర్పాడు. మాటలు తక్కువ, తిట్లు ఎక్కువ. తలకు ఎర్ర తువ్వాల లేకుండా ఆయనను చూసినవాళ్ళు లేరు. ఊరు దాటడమంటే ఆయనకు మెట్‌పల్లి, మహా అయితే జగిత్యాల. హైదరాబాద్ చూడలేదు, చూడాలనీ లేదు.

తోలు డప్పు వానకూ చలికీ మెత్తబడిపోతుంది. మంట దగ్గర కాపితేనే తోలు బిగిసి మోగుతుంది. అందరూ గడ్డి మంట వేస్తారు. పెద్దబాపు మాత్రం పసుపు తవ్వకాలప్పుడు ఎండిన పసుపాకు ఏరుకొచ్చి అటక మీద దాచుకునేవాడు. మంట నిదానంగా ఉంటుందట. ఆ పొగ వాసన వేరు. కళ్ళు మూసుకున్నా మా ఇల్లని గుర్తుపడతాను.

నేను పట్నం పోతానంటే ఆయన అలిగాడు. పోయే రోజు దాకా మాట్లాడలేదు. తీరా బస్సు కదిలే ముందు తన సొంత డప్పు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"కాపకుండ కొట్టకు. కొట్టినవో, నా పేరు చెప్పకు," అన్నాడు. వెనక్కి చూడకుండా బస్సు దిగిపోయాడు.

హైదరాబాద్‌లో ఒక టీవీ చానల్ వాళ్ళు ఉద్యమ పాటల కార్యక్రమం పెడుతున్నారనీ, బృందాలను ఎంపిక చేస్తున్నారనీ తెలిసింది. మా ముగ్గురిలో దాని అవసరం లావణ్యకే ఎక్కువ. వాళ్ళ నాన్న దసరా దాకే గడువిచ్చాడు. అప్పటికి ఏ దారీ దొరక్కపోతే ఇంటికి వచ్చెయ్యాలి. సంబంధం చూస్తున్నారు. ఆమె పోతే బృందం ఉండదు. మా ఇద్దరి ప్రేమ సంగతీ అంతే. మాది డప్పు ఇల్లు, వాళ్ళది పద్మశాలీల ఇల్లు. టీవీలో కనబడి నలుగురూ మెచ్చుకుంటే, ఆ ధైర్యంతో ఇళ్ళల్లో చెబుదామని ఇద్దరం అనుకున్నాం. ఆ ఎంపిక మీదే ఆమె ఆశ, నా ఆశ.

తెలంగాణ కోసం మొదలైన సమ్మె ఎంపిక రోజుకు ముదిరింది. తెలంగాణ మొత్తంలో బస్సులు డిపోలు దాటడం లేదు. రైళ్ళూ ఆపేశారు. ఆ రోజు పైగా బంద్. ఉద్యమ పాటలే కదా, ఎవరూ అడ్డుకోరని చానల్ వాళ్ళు వాయిదా వేయలేదు. మేం తడుచుకుంటూ హాలుకు నడిచి పోయాం. రెండు రోజులుగా ఒకటే ముసురు. సంచీలోంచి తీసి కొడితే డప్పు తడి అట్టముక్క మీద కొట్టినట్టు పలికింది.

హాలు ఏసీది. వెనక వరండాలో కాగితాలు ముట్టిద్దామని చూస్తే వాచ్‌మన్ ఉరికి వచ్చాడు. "ఈడ బీడీ గుడ తాగనియ్యరు. మంట వెడ్తరా మీరు?" అని అగ్గిపెట్టె గుంజుకున్నాడు.

డప్పు బయటికి తెస్తే ఇంకా తడుస్తుంది. ముందు నిప్పు ఎక్కడుందో చూసి వద్దామని, డప్పు లావణ్య దగ్గర పెట్టి నేనూ మల్లేశం బయటపడ్డాం. బంద్ నాడు నిప్పు వెతకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఇస్త్రీ బండి మూత. టీ కొట్టు మూత. తందూరీ రొట్టెల హోటలూ మూతే. చివరికి మల్లేశమే అన్నాడు, చౌరస్తాలో టైరు మండుతూ ఉంటుందని. నిజమే, ఆ రోజుల్లో టైరు మండని చౌరస్తా లేదు. ఉరికాం. మేం చేరేసరికి పోలీసులు నీళ్ళు కొట్టి ఆర్పేశారు. ఇంకా పొగలు వస్తున్నాయి.

మల్లేశానికి కడుపు మండిపోయింది. "జెరంత సేపాగి ఆర్పితె ఏంబోతుండె సార్?" అన్నాడు. ఆ కానిస్టేబుల్ లాఠీ ఎత్తగానే మేం వచ్చిన దారినే మళ్ళీ ఉరికాం.

తిరిగి వచ్చేసరికి మా పేరు పిలుస్తున్నారు. లావణ్య వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. మెడ చుట్టూ ఏదో తువ్వాల, ఒళ్ళో డప్పు. డప్పు తీసుకుని భుజానికి వేసుకున్నాను.

వేడిగా ఉంది. అంగీలోంచి ఛాతీకి తగిలేంత వేడి. తోలు మీద వేలితో మీటాను. ఖంగుమంది. ముక్కుకు పసుపాకు పొగ వాసన కొట్టింది.

ఆలోచించే తీరిక లేదు. స్టేజీ ఎక్కాం. ఏసీ గాలి నేరుగా మా మీదికే వస్తోంది. ఆ చలికి ఎంత కాపిన డప్పైనా కాసేపటికి మోత దిగాలి. దిగలేదు. లావణ్య గొంతు ఎత్తింది, మల్లేశం ఎగిరాడు, డప్పు చివరి దెబ్బ దాకా మోగింది. చూడ్డానికి వచ్చిన వేరే బృందాలవాళ్ళు కూడా లేచి ఈలలు వేశారు. సాయంత్రానికి మా పేరు చెప్పారు. మల్లేశం నన్ను ఎత్తి తిప్పాడు.

అప్పుడు గానీ లావణ్యను అడగలేదు. "డప్పు ఎట్ల కాపినవే?"

"నేనెక్కడ కాపిన? నువ్వు తోలిన పెద్దమనిషే గద," అంది.

నేనెవరినీ పంపలేదు. ఆమె చెప్పింది ఇది. మేం పోయిన కాసేపటికి ఆమెకు ఏడుపు ఆగలేదు. దసరా దగ్గరికొచ్చిందని పొద్దున్నే వాళ్ళ నాన్న ఫోన్ చేసి బట్టలు సర్దుకొమ్మన్నాడు. ముసురుకు గొంతు పట్టేసింది. అప్పుడు వెనక మెట్ల వైపు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. ఏమీ అడగకుండా డప్పు తీసుకుని మెట్ల మీదికి పోయాడు. పొగ కనిపించింది. తిరిగి వచ్చి డప్పును చెవి దగ్గర పెట్టుకుని బొటనవేలితో మీటి చూసి, ఆమె ఒళ్ళో పెట్టాడు. తలకున్న ఎర్ర తువ్వాల విప్పి ఆమెకు ఇచ్చాడు.

"ఏడ్వకు బిడ్డా, గొంతు కూసుంటది. మెడకు చుట్టుకో," అని వచ్చిన దారినే పోయాడట.

"ఎడమ చెవు కొంచెం తెగి ఉన్నది," అంది లావణ్య.

జాతరలో తొక్కిసలాటలో పోగు గుంజుకుపోయి పెద్దబాపు ఎడమ చెవి తెగింది. ఆమె ఆయనను చూడలేదు. నా దగ్గర ఆయన ఫోటో కూడా లేదు.

వెనక మెట్ల దగ్గరికి పోయి చూశాను. బూడిద లేదు, మసి లేదు. అంతా వాననీళ్ళు. వెనక గేటుకు తాళం ఉంది. ఏ ముసలాయనా రాలేదని వాచ్‌మన్ ఒట్టేసి చెప్పాడు. మంట వాసన వస్తే ఊరుకుంటానా అని నా మీదే లేచాడు. అమ్మకు ఫోన్ చేసి, పెద్దబాపు ఎక్కడని అడిగాను.

"ఏడికి వోతడురా, బస్సులెక్కడియి? పొద్దటి నుంచి మంచంలనే పండుకున్నడు. గిప్పుడే లేషి నా తువ్వాలేదని ఇల్లంత తల్కిందులు జేస్తుండు. నాకు సావొచ్చింది ఈయనతోని," అంది అమ్మ.

నేను ఫోన్ పెట్టేశాను. అయినా నమ్మలేదు, నిజంగా. చాలా బృందాలు వచ్చాయి, వాళ్ళలో ఎవరో పెద్దాయన జాలిపడి ఉంటాడు అనుకున్నాను. చెవి తెగినవాళ్ళు లోకంలో ఒక్కరే ఉంటారా? ఎర్ర తువ్వాలలు అంగట్లో గుట్టలు. లావణ్య మాత్రం నేతపని ఇంటి పిల్ల కదా, తువ్వాలను వేళ్ళ మధ్య నలిపి చూసింది. "గిది సాంచె బట్ట గాదు. చేమగ్గం మీద నేసింది," అంది. ఒక అంచు చిరిగితే ఎవరో నీలం దారంతో కుట్టారు. ఆయన ఎప్పుడన్నా కనబడితే ఇస్తానని ఉతికి దాచిపెట్టింది.

కార్యక్రమం కొన్ని వారాలు వచ్చింది. మా వీధి పాన్‌డబ్బా ఆయన మల్లేశంతో ఫోటో దిగాడు. వాడు ఆ ముచ్చట కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు. ఆ తర్వాత చానల్ వాళ్ళు కార్యక్రమం ఆపేశారు. మా పేరు ప్రఖ్యాతులు అంతటితో సరి. కానీ దసరా గడువు దాటిపోయింది, లావణ్య హైదరాబాద్‌లోనే ఉంది. అదే నాకు చాలు.

సమ్మె అయిపోయి బస్సులు నడిచాక ఆమెను కోరుట్ల తీసుకుపోయాను. పాటలు పాడే అమ్మాయి వస్తుందని మాత్రమే అమ్మకు చెప్పాను. అమ్మకు చూడగానే అర్థమైంది. లావణ్యను వాకిట్లోనే నిలబెట్టి నన్ను పక్కకు గుంజింది.

"వాళ్ళోళ్ళు ఊకుంటరారా? నిన్ను కొడ్తె నేనెవరికి జెప్పుకోవాలె? వద్దు బిడ్డా, తోలియ్యి," అంది. నేను ఏం చెప్పినా వినేలా లేదు. లావణ్య తల వంచుకుని సంచీ భుజానికి వేసుకుంది. ఇంక వెనక్కి పోవడమే అనుకున్నాను.

వాకిట్లోనే మంచం మీద పెద్దబాపు పడుకుని ఉన్నాడు. బోడితల. తువ్వాల లేని తలను నేను చూడడం అదే మొదలు. కొత్తది కొనిస్తే విసిరికొట్టాడట. మెల్లగా లేచి కూర్చుని లావణ్య వైపు చూశాడు.

"గొంతు మంచిగైందా బిడ్డా?" అన్నాడు. "నా తువ్వాల తెచ్చినవా?"

లావణ్య నా వైపు చూడలేదు. సంచీలోంచి తువ్వాల తీసింది. ఆమె చేతిలోంచి అమ్మ అందుకుంది. అంచు విప్పి చూసి, అక్కడే నేల మీద కూలబడింది. ఆ నీలం దారం కుట్టు అమ్మదే.

పెద్దబాపు తువ్వాల తీసుకుని దులిపి తలకు చుట్టుకున్నాడు. "గీ పిల్ల నాకెరుకే. లోపటికి రానియ్యి రాజవ్వా," అన్నాడు అమ్మతో. మా ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదు. అమ్మ లేచి నీళ్ళు తెచ్చింది. లావణ్య తాగుతూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు?

తంగళ్ళపల్లిలో వాళ్ళ నాన్న ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. బతిమాలడం, తిట్లు తినడం, మళ్ళీ బతిమాలడం. అందులో వింతేమీ లేదు, అంతా మనుషుల పనే. మా పెళ్ళిలో మల్లేశం గజ్జె కట్టి ఎగిరాడు. డప్పు కొట్టింది పెద్దబాపు.

ఆయనను ఎన్నోసార్లు అడిగాను. బతిమాలాను, కల్లు తాగించి కూడా అడిగాను. "పెద్దబాపూ, నువ్వు ఆ రోజు పట్నం అచ్చినవా?"

"బస్సులు బంద్ గదరా, ఎట్లస్త?" అనేవాడు. ఇంకా విసిగిస్తే కోపం వచ్చేది. "డప్పు మోగిందా లేదా? పిల్ల ఇంటికచ్చిందా లేదా? ఇంకేంగావాల్రా నీకు?"

తువ్వాల లావణ్యకు ఎట్లా చేరిందో, ఆమె గొంతు సంగతి ఆయనకెవరు చెప్పారో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలిసినట్టు నటించడం ఇష్టం లేక ఉన్నదున్నట్టు రాశాను. దయ్యమందామంటే, అప్పుడు ఆయన బతికే ఉన్నాడాయె! తెలంగాణ వచ్చాక కూడా చాలా ఏళ్ళు ఉన్నాడు. మా బిడ్డకు డప్పు పట్టుకోవడం నేర్పి, ఒక పొద్దున నిద్రలోనే పోయాడు.

హైదరాబాద్ చూడకుండానే పోయాడని ఊళ్ళో అందరూ అంటారు. లావణ్య ఒక్కతే ఆ మాట ఒప్పుకోదు.