నిద్రపోయే పిల్లను ఓడలో ఎవరు లేపుతారు?

నలభై రెండేళ్లుగా ఒక్క మాట నా గొంతులో ముల్లులా ఉంది. "అందరికీ చెప్పినం." ఆ మాట అన్నది ఒక కిరాయి బస్సు కండక్టరు. మా మంఖాల్ నుంచి జాతరకు పోతుంటే వాన పట్టుకుంది, దారిలో వాగు పొంగి రోడ్డెక్కింది. కండక్టరు "దిగుండ్రి, అందరు దిగుండ్రి" అని కేక వేశాడు. దిగి గట్టెక్కాము. మా చెల్లె బాలమ్మ మాత్రం వెనక సీటులో నిద్రపోతోంది. పద్నాలుగేళ్ల పిల్ల, పుట్టుచెవుడు. మేము చూసుకునేలోపు నీళ్లు బస్సు మెట్లు దాటాయి. రెండు గంటలు ఆ పిల్ల సీటు మీద నిలబడి, కడ్డీ పట్టుకుని, కిటికీలోంచి మమ్మల్ని చూస్తూ ఉండిపోయింది. నీళ్లు తగ్గాక తాడు కట్టుకుని పోయి తెచ్చాము. మా నాయన అడిగితే కండక్టరు చెప్పిన జవాబు అది. "అందరికీ చెప్పినం. మీ పిల్లకు వినపడకుంటే మేమేం జెయ్యాలె?"

బాలమ్మ బతికింది, మా ఇంట్లోనే ఉంది. కానీ ఆ రోజు నుంచి ఏ బండీ ఎక్కలేదు. ఎద్దుల బండి కూడా ఎక్కలేదు. జ్వరమొస్తే దవాఖానకు నడిచే పోతుంది.

ఓడ గురించి రాస్తానని బస్సు గురించి రాస్తున్నాడేంది అనుకోకండి. నా మనవరాలు సహస్రకు అయిదేళ్లు. దానికీ పుట్టుచెవుడే. రెండేళ్ల వయసులో ఆపరేషన్ చేయించాము. ఇప్పుడు చెవి వెనక మిషన్ పెట్టుకుంటుంది. దాని వైరు చివర ఒక బిళ్ళ ఉంటుంది, అది తలకు అయస్కాంతంలా అతుక్కుంటుంది. అది ఉన్నంతసేపు వింటుంది, మా అందరికంటే ఎక్కువ మాట్లాడుతుంది. బిళ్ళ తీస్తే ఏమీ వినపడదు. స్నానానికి తీయాలి, పడుకునేటప్పుడు తీయాలి. నా కొడుకు విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే పని చేస్తాడు. దసరాకు వాడికి నాలుగు రోజులు సెలవు దొరికింది. మా డాబా మీంచి విమానాలు చూసీ చూసీ విసుగొచ్చిన పిల్ల ఒకనాడు "ఓడలు ఏడ దిగుతయి తాతా?" అని అడిగింది. అక్కడ మొదలైంది ఈ ప్రయాణం. ఫోన్‌లో రెండు ఓడలు దొరికాయి. ఒకటి ముంబై నుంచి మూడు రాత్రులు తిరిగే పెద్దది, ఇంకొకటి చెన్నై నుంచి రెండు రాత్రులు తిరిగే చిన్నది. కొడుక్కి ఆ రోజు డ్యూటీ. అందుకని నేను, కోడలు రేణుక, పిల్ల కలిసి రెంటినీ బేరీజు వేయడానికి శంషాబాద్ బయలుదేరాము.

నేను చదివింది రెండో తరగతి. అక్షరాలు కూడబలుక్కుని ఇది రాస్తున్నాను. ముప్పై ఏళ్లు పశువుల సంతల్లో బేరాలు చేశాను కాబట్టి కాగితం చదవలేకపోయినా ఎదుటివాడు ఏది దాస్తున్నాడో మాత్రం పసిగడతాను.

పొద్దున తొమ్మిదింటికి మంఖాల్‌లో షేర్ ఆటో ఎక్కితే మనిషికి ఇరవై రూపాయలకు తుక్కుగూడలో దింపాడు. అక్కడి నుంచి శంషాబాద్‌కు బస్సు కోసం చూడవచ్చు గాని, పిల్లతో ఎండలో నిలబడలేక మూడు వందల యాభైకి ఆటో మాట్లాడాము. డ్రైవర్ పేరు జహంగీర్.

"ఏడికి బాపు, ఎయిర్‌పోర్టుకా?"

"ఓడ టికెట్ కోసం పోతున్నం."

"శంషాబాద్‌ల ఓడేంది బాపు, పొద్దుపొద్దుగాల పరేషాన్ జేస్తున్నవ్!"

"విమానం దిగేతాన ఓడ టికెట్ దొరకదా?"

"అయితే జర నాకు గూడ కనుక్కో. మా ఇంటామె పదేండ్ల సంది సముద్రం సముద్రం అంటది. చెరువు చూపెట్టి నెట్టుకొస్తున్న."

పిల్ల పకపకా నవ్వింది. దాదాపు నలభై నిమిషాల్లో, పది దాటేసరికి శంషాబాద్‌లో ఉన్నాము.

పెద్ద ఓడ టికెట్లు అమ్మే ఆఫీసు హైవే పక్కన రెండో అంతస్తులో ఉంది. చల్లగా ఏసీ, గోడనిండా నీలం బొమ్మలు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న కోస్తా అబ్బాయి లేచి నిలబడి "రండి బాబాయ్ గారూ, కూర్చోండి. పాపకు చాక్లెట్ ఇవ్వనా?" అన్నాడు. మంచి అబ్బాయే, అబద్ధమెందుకు. అన్నీ వివరంగా చెప్పాడు. మనిషికి ముప్పై రెండు వేలు. పిల్లకు టికెట్ లేదు గాని పన్నులు తొమ్మిది వేలు. కిటికీ లేని గది అయితే ఈ ధర, కిటికీ కావాలంటే మనిషికి ఇంకో ఏడు వేలు. పదకొండు అంతస్తులు, జారుడుబండ ఉన్న ఈత కొలను, పిల్లలు ఆడుకునే గది వేరే. ముంబై దాకా విమానం ఖర్చు మనదే, గంటన్నర ప్రయాణం. బల్ల మీద మూరెడు పొడుగు ఓడ బొమ్మ ఉంది. పిల్ల దాని ముందు నిలబడి వేలితో కిటికీలు లెక్కపెట్టుకుంటోంది.

"అన్నీ మంచిగనే ఉన్నయి బాబూ. ఓడల ఏదన్న అపాయమొస్తే ఏం జేస్తరు?" అని అడిగాను.

"అసలు రాదండీ. వచ్చినా సైరన్ ఉంటుంది. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత. ఆ తర్వాత మైకులో కూడా అందరికీ చెప్తారండీ."

అందరికీ చెప్తారు. మళ్ళీ ఆ కండక్టరు మాటే. వంగి, పిల్ల తల మీది బిళ్ళ తీసేశాను. రోజూ దాన్ని సరిచేసేది నేనే కాబట్టి పిల్ల తల కూడా తిప్పలేదు.

"ఇగ పిలువు" అన్నాను. "నీ సైరన్ ఎంత గట్టిగ మోగుతదో గంత గట్టిగ పిలువు."

"ఎందుకండీ బాబాయ్ గారూ..."

"పిలువు."

"పాపా!" అన్నాడు. మళ్ళీ అన్నాడు. చప్పట్లు కొట్టాడు. పక్క బల్లల దగ్గరివాళ్లు ఇటు తిరిగారు. పిల్ల మాత్రం కిటికీలు లెక్కపెడుతూనే ఉంది. కాసేపటికి దానికి ఏదో తేడా తెలిసి తల తడుముకుంది, ఇటు తిరిగింది. ఆఫీసు మొత్తం తననే చూస్తోంది. నా చేతిలోని బిళ్ళ లాక్కుని తనే పెట్టుకుని, పోయి తల్లి వెనక దాక్కుంది.

"సారీ అండీ, నాకు తెలీదు. అక్కడ సిబ్బంది ఉంటారు, వాళ్లే చూసుకుంటారు" అన్నాడు అబ్బాయి.

"ఎవలు చూసుకుంటరు? ఏ గంటకు డ్యూటీల ఉండేది ఎవలు? చెప్పు."

అతను ధరల కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. నేను గెలిచాననుకుంటూ మెట్లు దిగాను.

పన్నెండున్నరకు ఎదురుగా ఉన్న మెస్సులో కూర్చున్నాము. భోజనం నూట ఇరవై, పిల్లకు విడిగా పెరుగన్నం పెట్టారు, దానికి పైసలు తీసుకోలేదు. రేణుక అన్నం కలిపి పిల్లకు పెడుతోంది. మెస్సామె చారు పోయడానికి వచ్చింది. అప్పుడు, తల ఎత్తకుండానే అంది.

"సంతల దూడను దిప్పి చూపెట్టినట్టు చూపెడ్తివి గదా మామా, నా బిడ్డను."

"దాని కోసమే గదనే..."

"దాని కోసమే. మరి దాన్నడిగినవా?"

వంటచేసే అంజమ్మది కందుకూరు. చారు గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి మొత్తం విన్నది. "కోడలు ముచ్చట నిజమే పెద్దయ్యా. పిల్లకు నోరున్నది గదా, అన్ని నువ్వే మాట్లాడుడెందుకు? జర అన్నం తిను, నీ నోరుకు పని దొరుకుతది" అని ఇంకో గరిటె చారు పోసింది.

సంతలో దూడను తిప్పి చూపెట్టడం నేను ముప్పై ఏళ్లు చేసిన పనే. పళ్ళు చూపిస్తాము, నడిపించి చూపిస్తాము, చెవి దగ్గర చప్పట్లు కొట్టి చూపిస్తాము. ఆ అలవాటు చేతిలోనే ఉండిపోయిందని అప్పటిదాకా నాకు తెలియదు. తప్పయిందని నోటితో చెప్పే అలవాటు కూడా నాకు లేదు. సంతలో ధర నలుగురికీ తెలియకుండా తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం చేస్తాము. చెయ్యి మొత్తం పట్టుకుంటే బేరం కుదిరినట్టు. ఆ ఆట పిల్లకు ఇంట్లో ఎప్పుడో నేర్పించాను. తువ్వాలు కింద చెయ్యి చాపాను. పిల్ల నా ముఖం చూసి రెండే వేళ్లు పట్టుకుంది.

"సగమే తాతా" అంది.

చిన్న ఓడవాళ్లు విమానాశ్రయం దారిలో ఒక హోటల్లో వారం రోజులకని బల్ల పెట్టుకున్నారు. మెస్సు నుంచి అక్కడికి ఆటో నూట యాభై. రెండింటికి చేరాము. అక్కడ కూర్చున్నామె పేరు నస్రీన్, శంషాబాద్ పిల్లే. ధర మనిషికి పంతొమ్మిది వేలు, గదికి చిన్న కిటికీ ఉంది. చెన్నైకి విమానం గంటా పావు. జారుడుబండ లేదు, ఈత కొలను చిన్నది. ఈసారి నేను నోరు మూసుకున్నాను. రేణుక పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "నువ్వేమన్న అడుగుతవా?" అంది.

పిల్ల అడిగింది. "నేను పన్నప్పుడు మిషన్ తీస్త. అమ్మ చార్జింగ్ పెడ్తది. అప్పుడు సైరన్ మోగితే నన్నెవలు లేపుతరు?"

నస్రీన్ చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టేసింది. "నాకు తెల్వదు బేటా" అంది. "ఇంట్ల నిన్నెట్ల లేపుతరు?"

"లైటు ఏసి ఆర్పుతరు. తాతైతే మంచం ఊపుతడు."

నస్రీన్ అది రాసుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "కొన్ని ఓడలల్ల సైరన్ మోగంగనే రూముల లైటు కొట్టుకుంటదట బాబా, తల పెట్టుకునే మెత్త కింద ఊగే మిషన్ గూడ పెడ్తరట. విన్న గని చూడలె. ఈ ఓడల ఉన్నదో లేదో అడగకుండ చెప్తే అబద్ధమైతది. పెద్దాఫీసుకు ఇయ్యాల్నే రాస్త" అంది.

రేణుక ఇంకా అడిగింది. అయిదేళ్ల పిల్లకు సరిపోయే లైఫ్ జాకెట్ గదిలోనే ఉంటుందా, మంచం పక్కన ప్లగ్గు ఉందా, కొలనులో మిషన్ తీసినప్పుడు తల్లి పక్కనే ఉండనిస్తారా, డాక్టరు రాత్రి కూడా ఉంటాడా. తెలిసినవాటికి నస్రీన్ జవాబు చెప్పింది, తెలియనివి రాసుకుంది. చివరికి తెలియనివే ఎక్కువయ్యాయి. అయినా బయటికి వచ్చాక పిల్ల నా చెయ్యి మొత్తం పట్టుకుంది.

నాలుగున్నరకు ఇల్లు చేరాము. బాలమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. పిల్ల చెప్పులు కూడా విప్పకుండా ఆమె ముందు కూర్చుని చేతులతో ఓడ, కిటికీలు, అలలు అన్నీ చెప్పింది. బాలమ్మ నవ్వుతూ చూసింది. తర్వాత చేట పక్కన పెట్టి, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకున్నట్టు చూపించి, భుజం తట్టినట్టు చూపించి, ఎవరు అన్నట్టు చెయ్యి తిప్పింది. పొద్దున్నుంచి మేము ఊరంతా తిరిగి అడిగిందే అడిగింది. పిల్ల గుప్పిట మూసి తెరిచి, మూసి తెరిచి లైటు చూపించింది. బాలమ్మ ఆ గుప్పిటను చూసింది. తర్వాత తన గుప్పిట కూడా అలాగే మూసి తెరిచి, వేలు తన గుండె మీద పెట్టుకుంది. ఆ లైటు ఉంటే నేనూ వస్తానని.

నలభై రెండేళ్లు నేను ఆ కండక్టరును తిట్టుకున్నాను. ఆ రోజు బస్సు దిగినవాళ్లలో నేనూ ఉన్నాను. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. వెనక సీటులో నా చెల్లె ఉందని నాకు తెలుసు. కేక వినగానే అందరితో పాటు దిగాను, ఆమె కూడా దిగే ఉంటుందనుకున్నాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చిన్న పిల్లతో ఓడ ఎక్కాలనుకునే మీకు చెబుతున్నాను. అంతస్తులు, జారుడుబండలు తర్వాత చూసుకోండి. వినపడకపోవడమో, నడవలేకపోవడమో, బెదిరిపోవడమో, మీ పిల్లకు ఏది కష్టమో ఆ ఒక్క ప్రశ్న ముందు అడగండి, వీలైతే పిల్లతోనే అడిగించండి. "చూసుకుంటారు" అన్నవాడి దగ్గర కాదు, "తెలియదు, కనుక్కుంటాను" అన్నవాళ్ల దగ్గర కూర్చోండి. వచ్చిన జవాబును కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి.

ఇగ రెండు ఓడలవాళ్లకూ ఒకే మాట. ఈ నెల ఇరవయ్యో తారీఖు సాయంత్రం అయిదింటిలోపు నాకు జవాబు కావాలి. ఇంగ్లీషులో రాసినా సరే, కోడలు చదివి చెబుతుంది. అందరికీ చెప్తామని రాయకండి. పక్కన మీరుంటారు గదా అని కూడా రాయకండి, ఆ రోజు బస్సులోనూ మేము పక్కనే ఉన్నాము. సైరన్ మోగినప్పుడు మా గదిలో లైటు వెలుగుతుందా లేదా? వెలగకపోతే తలుపు తెరిచి లోపలికి వచ్చి పిల్లను లేపే మనిషి ఎవరు? ఇప్పుడు ఆ గదిలో పడుకునే వినపడనివాళ్లు ఒక్క పిల్ల కాదు, ఇద్దరు.