ఎనభై కిలోల మనిషి

మా బాపు బ్రహ్మచారికి అల్వాల్‌లో లారీ టైర్ల షాపు ఉండేది. చక్రం నట్లు ఆయన బిగించినట్టు సికింద్రాబాద్ మొత్తంలో ఎవరూ బిగించరని డ్రైవర్లు చెప్పుకునేవాళ్లు. ఆయన పద్ధతి ఒకటే. పానాకు ఇనప పైపు తొడిగి, నేలకు సమంగా అడ్డంగా పెట్టి, దాని చివర ఎక్కి ఒక్క క్షణం నిలబడి దిగేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్క చక్రం కదిలింది లేదు. నిజం చెప్పొద్దూ, ఆ గర్వం ఆయనకంటే నాకే ఎక్కువ.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. టార్క్ పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద బాపునే గీసేదాన్ని. ఎనభై కిలోల మనిషి, ముప్పావు మీటరు పైపు. కిలోకు పది న్యూటన్ల చొప్పున బలం ఎనిమిది వందలు, దాన్ని పొడవుతో గుణిస్తే ఆరు వందలు. లారీ నట్టుకు కావలసింది సుమారుగా అంతే. "మరి పైపు ఏటవాలుగా ఉంటే?" అని అడిగేదాన్ని. "కోణం మారుతుంది మేడం, టార్క్ తగ్గుతుంది" అనేవాళ్లు పిల్లలు.

నాలుగేళ్ల కింద బాపుకు టార్క్ రెంచి కొనిచ్చాను. బిగింపు సరిపోగానే అది టక్కుమంటుంది. పెట్టె తెరిచి చూసి మురిసిపోయాడు. దసరానాడు పానాలు, సుత్తులతో పాటు దానికీ పసుపు కుంకుమ పెట్టి, మళ్లీ పెట్టెలో పెట్టేశాడు.

"బాపూ, అది పూజకు కాదు, పనికి."

"నా కాలుకు తెల్వదా బిడ్డా? గది చప్పుడు జేసి నాకు చెప్పాల్నా?"

నాకు ఒళ్లు మండింది. అంత ప్రేమగా తెస్తే ఇంత మాటా అని అలిగాను. "నీ ఇష్టం" అనేసి మళ్లీ ఆ ఊసెత్తలేదు. నా కోపం అరిచే రకం కాదు, మాట్లాడకుండా సాధించే రకం.

తర్వాత ఆయనకు షుగర్ వచ్చింది. మనిషి చిక్కిపోయాడు, మోకాలు పట్టేసింది. నెలనెలా ఆసుపత్రికి తీసుకెళ్లి బరువు రాసుకున్నది నేనే. డెబ్బై రెండు, అరవై నాలుగు, యాభై ఎనిమిది. కాలు అంత ఎత్తుకు లేవక, పైపు చివరను బాగా కిందికి దించి ఎక్కడం కూడా కళ్లారా చూశాను.

"జెర పైలం బాపూ, జారుతవ్" అన్నాను. ఆయన పడతాడనే నా భయం. నట్టు సంగతి నాకు తట్టనే లేదు.

పోయిన జూన్‌లో కాప్రా చెరువు దగ్గర, ఎప్పుడూ బాపు దగ్గరికే వచ్చే డ్రైవర్ దయాకర్ అన్న లారీ ముందు చక్రం ఊడిపోయింది. దాన్ని బాపు బిగించి నాలుగు రోజులే అయింది. లారీ గోడను గుద్దుకుని దయాకర్ అన్న కుడికాలు నలిగిపోయింది. మోకాలి కింద తీసేశారు. మేం చూడ్డానికి వెళ్తే ఆయనే బాపు చెయ్యి పట్టుకుని, "నీ తప్పు కాదు చారన్నా, రోడ్డే గట్ల తగలబడ్డది" అన్నాడు. ఆ మాట విన్నాక బాపు అక్కడ నిలబడలేకపోయాడు.

ఇంటికి రాగానే రెంచి పెట్టె తీశాడు. కుంకుమ ఇంకా దాని పిడికి అంటుకునే ఉంది.

"యాడ తప్పయిందో చెప్పు వసుధా. నేను గట్లనే నిలబడ్డ. పైపు సుత గదే."

బరువు రాసిన కాగితం వెనకే లెక్క వేశాను. యాభై ఎనిమిది కిలోలు, అదే పైపు. సగం వాలింది కాబట్టి నలభై అయిదు డిగ్రీలు. మూడు వందల దగ్గరే ఆగింది.

"సగమేనా?"

"సగమే బాపూ."

ఆయన కాగితం మీద వేలు పెట్టి ఒక్కో అంకెనూ చూశాడు.

"ఈ లెక్క నీకు ముందుగాలనే తెల్సా?"

అబద్ధం చెప్పాలనిపించింది. నోరు రాలేదు. "ఏటా పిల్లలకు చెప్తున్న."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మరి ఈ ఏడు నా బరువు ఎంతని చెప్పినవ్ బిడ్డా?"

"ఎనభై" అన్నాను.