అక్కతో ఆడిన మూడు రౌండ్లు

అక్క పోయింది. మొన్న గురువారం పొద్దున్న ముదినేపల్లి బస్టాండులో నిలబడి ఉండగా మా బాక్సింగ్ మాస్టారు ఫోన్ చేసి చెప్పారు. "ఆస్పత్రిలోనేనమ్మా, తెల్లవారుతూనే" అన్నారు. పనికని గుడివాడ బస్సు ఎక్కాల్సినదాన్ని బందరు బస్సెక్కి కూర్చున్నాను.

అక్క ఇంటి ముందు టెంటు కింద కూర్చున్నవాళ్లంతా ఒకటే మాట. పాపం, నలభై ఆరేళ్లకే. పాపం, ఆడమనిషికి ఆ గుద్దులాటలేంటి, చివరికి అవే ప్రాణం తీశాయి. నాకు ఒళ్లు మండిపోయింది. "అక్క పోయింది కిడ్నీలు పాడై. బాక్సింగుకీ దానికీ ఏ సంబంధం లేదు. ఇప్పుడు మీరన్న మాట ఆవిడ వినుంటే ఒక్కరిని కూడా ఇక్కడ కూర్చోనిచ్చేది కాదు" అనేశాను. చావింట్లో గొంతు పెంచానని మాస్టారు నన్ను చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లారు. పెంచాను, అయితే ఏం? జాలి అంటే ఆవిడకెంత అసహ్యమో అక్కడున్న అందరికంటే నాకే బాగా తెలుసు. ఆ సంగతి నేను దెబ్బలు తిని నేర్చుకున్నాను.

మీలో ఎవరైనా బందరు చేపల మార్కెట్‌కి వెళ్లి ఉంటే అక్కని చూసే ఉంటారు. గేటు దాటగానే ఎడమ వైపు, కత్తిపీట ముందు వేసుకుని, పొడుగు చేతుల జాకెట్టుతో కూర్చునే మనిషి. నా సొంత అక్క కాదు, వాళ్లది సముద్రం మీద బతికే కుటుంబం. గిలకలదిండిలో పడవలు ఒడ్డుకి రాగానే చేపలు ఎత్తుకొచ్చి మధ్యాహ్నం దాకా అమ్మేది. సాయంత్రం ఒక పాత బియ్యం గోడౌన్లో ఊక కూరిన గోనెసంచిని వేలాడదీసి గుద్దేది. జిల్లాలో తన బరువు వాళ్లలో ఆవిడని ఓడించినవాళ్లు ఏళ్ల తరబడి లేరు. గ్లవ్స్ తొడుక్కునే ముందు నిమ్మచెక్కతో చేతులు రుద్దుకోవడం ఆవిడకి అలవాటు. ఎందుకక్కా అని అడిగితే, "వాసనకి పడిపోయామంటారే. గుద్దుకి పడాలి" అనేది.

నన్ను మొదటిసారి చూసినప్పుడు "ఏ ఊరే నీది?" అని అడిగింది. ముదినేపల్లండీ అన్నాను. మా వైపంతా చేపల చెరువులే. "ఓహో, చెరువు చేపవా! తవుడు తిని బాగానే బలిశావు" అని భుజం మీద ఒక్కటి చరిచింది. నిజమే, నేను బలంగా ఉండేదాన్ని. ఇరవై ఏళ్లు. ఆ ఏడాది నాతో ఆడిన ఇద్దరమ్మాయిలు రెఫరీ పది లెక్కపెట్టినా లేవలేకపోయారు. "ఆ పిల్లతో జాగ్రత్త" అని నా వెనక చెప్పుకునేవాళ్లు, వినపడితే నేను లోలోపల మురిసిపోయేదాన్ని.

ఆ ఏడాదే గుడివాడలో ఒక కాలేజీ గ్రౌండులో జిల్లా ఫైనల్. ఇటు నేను, అటు అక్క. నెగ్గినవాళ్లు రాష్ట్ర పోటీలకి వెళ్తారు. ఆవిడకి నలభై నిండబోతున్నాయి, నిండితే రింగులోకి రానివ్వరు. అంటే అదే ఆఖరి ఆట. నేను గ్రౌండులోకి వెళ్లేసరికి గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. అక్క నిలువెత్తు ఫొటో, కింద "ఓటమి ఎరుగని మన ఛాంపియన్‌కు వీడ్కోలు సన్మానం" అని అక్షరాలు. ఫైనల్ ఇంకా మొదలే కాలేదు.

నిర్వాహకుల్లో ఒక పెద్దాయన, అందరూ ప్రెసిడెంటుగారనే ఆయన, నన్ను షామియానా వెనక్కి పిలిచారు. "చూడమ్మా, నీకింకా బోలెడు వయసుంది. వచ్చే ఏడు ఎలాగూ నీదే. ఆవిడకి ఇదే ఆఖరు కదా. కాస్త చూసీచూడనట్టు పోనివ్వు తల్లీ. అందరికీ గౌరవంగా ఉంటుంది" అన్నారు. మా మాస్టారు పక్కనే ఉన్నారు, నేల చూపులు చూస్తూ. నేను తలూపాను. భయపడి కాదు సుమండీ! పెద్ద మనసుతో మంచి పని చేస్తున్నాననుకున్నాను. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను, ఆ ఎండలో నిలబడి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

మొదటి రౌండంతా ఆవిడ గ్లవ్స్ మీదే కొట్టాను. చప్పుడు బాగానే వచ్చింది, జనం ఈలలు వేశారు. గంట కొట్టాక అక్క తన మూలకి వెళ్లింది గానీ స్టూలు మీద కూర్చోలేదు. నా వైపే చూస్తూ నిలబడింది.

రెండో రౌండు మొదలవగానే వచ్చి నన్ను వాటేసుకుంది. పళ్లకి పెట్టుకున్న గార్డు అడ్డుపడుతున్నా మాట స్పష్టంగానే వినిపించింది.

"ఎవరు చెప్పారే?"

"ఏంటక్కా?"

"నీ కన్ను మూడ్రోజులు ఐసులో పెట్టిన చేప కన్నులా ఉంది. ఎవరు చెప్పారు నీకు?"

రెఫరీ మాటలొద్దని హెచ్చరించి మమ్మల్ని విడదీశాడు. విడిపోయిన మరుక్షణం నా ముక్కు మీద పడింది దెబ్బ. కళ్లమ్మట నీళ్లు, పెదవి మీద రక్తం. ఇంకోటి డొక్కలో. అయినా నేను చేతులు అడ్డం పెట్టుకున్నానే తప్ప తిరిగి కొట్టలేదు. అప్పుడు ఆవిడ రెండు చేతులూ కిందికి వదిలేసి, పళ్ల గార్డు ఊసేసి అరిచింది.

"నేనింకా బతికే ఉన్నానే! అప్పుడే తద్దినం పెడతావా నాకు? కొట్టు!"

ప్రెసిడెంటుగారు కుర్చీలోంచి సగం లేచారు. రెఫరీ అక్కకి పాయింటు కోశాడు. "కోసుకోండి" అంది, గార్డు కడిగించుకుని మళ్లీ పెట్టుకుంది. నాకు కోపం ముంచుకొచ్చింది. ఆవిడ మీదా, ఆ పెద్దాయన మీదా, అన్నిటికంటే తలూపిన నా మీద నాకు. అప్పుడు కొట్టాను. నాకు తెలిసిందంతా పెట్టి కొట్టాను. ఆవిడా అంతే. మూడో రౌండులో నా కుడి చేతి దెబ్బ దవడకి తగిలి అక్క మోకాళ్ల మీద కూలబడింది. రెఫరీ ఆరు అనేసరికి లేచి నిలబడింది. రూలు ప్రకారం ఎనిమిది దాకా లెక్కపెట్టి వదలగానే నా మీదికొచ్చి నన్ను తాళ్ల దాకా నెట్టుకుపోయింది. గంట కొట్టినా ఇద్దరం ఆగలేదు, విడదీయాల్సి వచ్చింది. దెబ్బలు తింటూ అంత సంతోషపడటం నా జన్మలో అదొక్కసారే.

రెఫరీ నా చెయ్యి పైకెత్తాడు. చప్పట్లు కొట్టాలో వద్దో జనానికి తోచలేదు. ప్రెసిడెంటుగారు అప్పటికే శాలువా పట్టుకుని రింగు మెట్లెక్కేశారు, దిగలేక ఎక్కలేక ఆగిపోయారు.

"నెగ్గిన పిల్ల అక్కడుంటే నాకెందుకండీ శాలువా? దాహంగా ఉంది, మజ్జిగుంటే ఇప్పించండి" అంది అక్క.

కిందికి దిగుతూ నా చెవి దగ్గర ఆగింది. "ఇంకోసారి ఎవరైనా చెబితే ఇలాగే తలూపుతావా?"

"ఊపనక్కా."

"ఊపితే నేనే చంపుతాను."

మర్నాడు భయపడుతూనే బందరు మార్కెట్‌కి వెళ్లాను. అక్క దవడ వాచి బూరెలా ఉంది. నన్ను చూడగానే కత్తిపీట ముందు నుంచి లేచి, కొనడానికొచ్చిన ప్రతివాళ్లకీ నన్ను చూపించడం మొదలుపెట్టింది. "ఇదిగో, ఈ పిల్లే కొట్టింది. చూడండి ఎలా కొట్టిందో! నమలడానికి కూడా లేదు" అని ఒకటే గొప్పలు. తన దెబ్బని అంత గర్వంగా చూపించుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. రాష్ట్ర పోటీల్లో నేను మొదటి ఆటలోనే ఓడి వచ్చాను. ఏడుస్తూ ఫోన్ చేస్తే, "నిజంగా ఆడావా?" అని మాత్రం అడిగింది. ఆడానక్కా అన్నాను. "అయితే ఏడుపెందుకు, వచ్చి అన్నం తిను" అంది. ఆ తర్వాత ఆరేళ్లు ఆ గోడౌన్లో నా చేత గోనెసంచి గుద్దించింది. నాకు ఏం వచ్చినా అదంతా ఆవిడ పెట్టిన భిక్షే.

పోయిన నెలలో ఆస్పత్రికి వెళ్లినప్పుడు అక్క సగానికి సగమైపోయి ఉంది. ఎడమ చేతికి సెలైను సూది. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక "చెయ్యి పెట్టు" అంది. అరచెయ్యి చాచాను. కుడి పిడికిలితో కొట్టింది. ఆ దెబ్బకి దోమ కూడా చావదు. నేను చెయ్యి విదిలించి, "అబ్బా! ఇంకా పదును తగ్గలేదక్కా" అన్నాను.

అక్క నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

దుప్పటి పక్కకి నెట్టి, మంచం దిగి, అడుగు ముందుకి పెట్టి, వెనక మడమ లేపి, రింగులో నిలబడ్డట్టే నిలబడింది. నర్సు పరుగెత్తుకొచ్చింది, "ఏంటండీ ఇది, పడుకోండి!" అంటూ. "ఒక్క నిమిషం ఆగమ్మా, పనిలో ఉన్నాను" అంది అక్క. మళ్లీ కొట్టింది.

"తగిలిందా?" అంది రొప్పుతూ.

"లేదక్కా. మళ్లీ కొట్టు" అన్నాను.

అక్క నవ్వింది. సూదీ గొట్టమూ లాగుతున్నా మడమ దించలేదు, మళ్లీ పిడికిలి బిగించి చెయ్యి వెనక్కి తీసింది.