పెట్టుబడి అంటే చీరే కద మామా: సూరత్‌లో రెండు రోజులు

పని పడితే తప్ప ఊరు దాటే మనిషిని కాను నేను. కొండలు, సముద్రాలు చూడటానికి సెలవు పెట్టి వెళ్లేవాళ్లను చూస్తే నాకు గౌరవమే కానీ, నా ఒళ్లు వంగదు. సూరత్ వెళ్లింది కూడా పని మీదే. కరీంనగర్‌లో చిన్న దుకాణాల వెబ్‌సైట్లకు సెర్చ్ ప్రకటనలు పెట్టించడం నా బతుకుతెరువు. ఎవరైనా ఫోనులో "కుట్టు మిషన్ రిపేరు" అని కొట్టి వెతికితే మా మెకానిక్ పేరు అందరికంటే పైన కనపడాలి, అంతే. నొక్కిన ప్రతిసారీ అతని డబ్బు కొంత కరుగుతుంది కాబట్టి, ఏ మాటకు కనపడాలో ఏ మాటకు కనపడకూడదో తేల్చడమే అసలు పని. ఆషాఢంలో ఒకరోజు సూరత్ నుంచి మా మేనకోడలు శ్రావణి ఫోన్ చేసి, "మామా, ఫోన్లు మస్తు వస్తున్నయ్. చీరలు మాత్రం ఎవ్వలు అడుగుతలేరు" అంది. ఫోనులో ఎంత అడిగినా తల తోక దొరకలేదు. సరే, వస్తున్నా అన్నాను.

ఇక్కడ మా వాళ్ల సంగతి కొంచెం చెప్పాలి. మా వనజక్క పెళ్లయి సూరత్ వెళ్లి పాతికేళ్లు దాటింది. సత్తయ్య బావది సిరిసిల్ల దగ్గరి నేత కుటుంబం. ఇన్నేళ్లూ ఇంకొకరి పవర్‌లూమ్‌ల మీద నేసి, మొన్నీమధ్యే బమ్రోలిలో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని సొంతంగా మగ్గాలు పెట్టాడు. జరీ అంచు చీరలు నేస్తాడు. అవి వ్యాపారి దగ్గరికి పోతాయి, వ్యాపారి తన లేబుల్ అంటిస్తాడు, మన జగిత్యాల కోరుట్ల దుకాణాలకు వస్తాయి, మన ఆడవాళ్లు కొంటారు. నేసిందెవరో కొన్నవాళ్లకు తెలియదు, కట్టిందెవరో నేసినవాడికి తెలియదు. శ్రావణికి అదే మంట. సూరత్‌లోనే పుట్టి, అక్కడే కాలేజీ చదివిన పిల్ల, తల్లి పేరు మీద 'వనజ చీరలు' అని వెబ్‌సైట్ పెట్టింది. బావ ఆమెకు ఒక్క గడువు ఇచ్చాడు: శ్రావణం పెళ్లిళ్ల లోపు సైటు మీద ఒక్క ఆర్డరన్నా రావాలి. లేకపోతే పర్వత్ పాటియాలోని ఒక సేఠ్‌తో ఏడాది మొత్తం మాల్ ఆయనకే ఇచ్చేలా ఒప్పందం. అప్పుడిక సైటూ ఉండదు, అక్క పేరూ ఉండదు. సేఠ్ మాత్రం అంతవరకు ఆగనన్నాడు, నేను వెళ్లిన మరునాడే ఆయనకు జవాబు చెప్పాలి.

మధ్యాహ్నం రామగుండంలో రైలెక్కాను. స్లీపర్ టికెట్ ఆరు వందల లోపే, బల్లార్షా, భుసావల్, జల్‌గావ్ మీదుగా దారి. రైలు దాదాపు ఒక పూట, ఒక రాత్రి తింటుంది కాబట్టి అన్నం కట్టుకుని వెళ్లండి. నేను కట్టుకోలేదు, బల్లార్షాలో కొన్న వడ గురించి మాట్లాడదలచుకోలేదు. తెల్లారేసరికి నందుర్‌బార్ దాటి వాన. సూరత్ స్టేషన్ దాకా పోకుండా ఒక స్టేషన్ ముందే ఉధ్నాలో దిగిపోయాను. స్టేషన్ బయట బండి మీద లోచో తిన్నాను, నలభై రూపాయలు. శనగపిండిని ఆవిరి మీద ఉడికించి, నూనె పోసి, సేవ్ అనే సన్న కారప్పూస, ఉల్లిపాయ చల్లి ఇస్తారు. చూడటానికి చెదిరిపోయిన ఉప్మాలా ఉంటుంది, నోట్లో పెడితే ఆ మాట వెనక్కి తీసుకుంటాం. ఇంకో పచ్చిమిర్చి అడిగితే బండివాడు తెలంగాణవా అని హిందీలో అడిగాడు. ఎట్లా తెలిసిందయ్యా అంటే, మీవాళ్లే ఇంకా పచ్చిమిర్చి అడుగుతారు అన్నాడు.

ఆటో ఎక్కి బమ్రోలిలో సత్తయ్య ఖాతా అని చెప్పాను. ఇక్కడ మగ్గాల షెడ్డును ఖాతా అంటారు. డ్రైవరు మరాఠీ ఆయన, పెద్దమనిషి, ఏ సేఠ్ ఖాతా అని అడిగాడు. సేఠ్ లేడు, సొంతం అన్నాను. ఆయన తల ఊపాడు కానీ ఒక్క సందూ తెలియదు. వాన నీళ్లలో మూడు సందులు తిప్పాడు. ఏ షెడ్డు చూసినా ఒకటే రేకులు, ఒకటే చప్పుడు, బోర్డుల మీద ఎవరెవరో వ్యాపారుల పేర్లు. చివరికి అక్కే గొడుగు పట్టుకుని సందు మొదట నిలబడితే ఆమెను చూసి దిగాను. వంద అడిగి ఎనభైకి ఒప్పుకున్నాడు పాపం.

అక్క సర్వపిండి వేస్తూ, ఇంట్లో అందరి మీదా ఉన్న ఫిర్యాదులు ఒక్కొక్కటే చెప్పింది. బావ షెడ్డు నుంచి వచ్చి, "వచ్చినవా బామ్మర్ది, నీ మేనకోడలు కంప్యూటర్ మీద నేస్తున్నది, జర చూడు" అని ఎకసెక్కం చేశాడు. ఎకసెక్కమే కానీ, సైటు పెట్టిన రెండు నెలలూ ప్రకటనల ఖర్చు అడ్డు చెప్పకుండా పెట్టింది ఆయనే. శ్రావణి నాకు సైటు చూపించింది. చెప్పొద్దూ, నా దగ్గరికొచ్చే దుకాణాలవాళ్ల సైట్ల కంటే బాగుంది. చీర మడత, అంచు, కొంగు వేర్వేరుగా ఫొటోలు తీసింది, ధర దాచకుండా రాసింది. మరి తప్పెక్కడ అనుకుంటూ ఉండగానే ఫోను మోగింది. శ్రావణి స్పీకర్ పెట్టింది.

అవతల ఎవరో వరంగల్ ఆయన. మీరు పెట్టుబడి అని వేసిండ్రు కదా, తక్కువలో తక్కువ ఎంత నుంచి మొదలు అని అడిగాడు.

"పది నుంచి అంకుల్. పది కంటే తక్కువ ఇయ్యం."

"పది లక్షలా? మరి నెలకు ఎంతొస్తది?"

"నెలకు ఎన్నంటే అన్ని వస్తయ్ అంకుల్, మాకు సొంత మగ్గాలున్నయ్."

మరి గ్యారంటీ ఉంటదా అన్నాడు ఆయన. రంగు పోదు అంకుల్, గ్యారంటీ అంది మా పిల్ల. ఆయన ఫోను పెట్టేశాడు. రోజూ గిట్లనే మామా, అందరు గిట్లనే మాట్లాడి పెట్టేస్తున్నరు అని శ్రావణి కళ్లలో నీళ్లు పెట్టుకుంది. నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే ఆ పిల్ల తల నిమిరి అడిగాను, పెట్టుబడి అంటే ఏందే అని.

"పెట్టుబడి అంటే చీరే కద మామా. పెండ్లిల, ఫంక్షన్ల చుట్టాలకు పెడ్తరు చూడు, గదే."

"మరి వ్యాపారంల పెట్టే పైసలను ఏమంటవ్?"

"మూడీ."

మూడీ అన్నది గుజరాతీ మాట. అర్థమైంది కదా! తెలుగునాట పెరిగిన పిల్లకు పెట్టుబడి అనగానే బ్యాంకూ, షేర్లూ గుర్తుకొస్తాయి. శ్రావణికి డబ్బు లెక్కలన్నీ గుజరాతీలో వచ్చాయి, హిందీలో వచ్చాయి. తెలుగులో పెట్టుబడి అనే మాట ఆమె విన్నది ఒక్క చోటే, తల్లి నోట, చీరలు మడత పెడుతున్నప్పుడు. అందుకే ప్రకటన మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబెట్టింది. తెలంగాణలో ఎవరు పెట్టుబడి అని కొట్టి వెతికినా, షేర్లవాడైనా, వడ్డీ వ్యాపారస్తుడైనా, పాడి గేదెల పథకం చూసేవాడైనా, అందరికీ మా వనజక్క పేరు కనపడుతోంది. నొక్కినవాడల్లా బావ జేబులోంచి కొంత తీసుకుపోతున్నాడు. సూరత్‌లో పుట్టిన తెలుగు పిల్ల తప్ప ప్రపంచంలో ఇంకెవరూ చేయలేని తప్పు అది. నాకు మాత్రం ఆ తప్పు ముద్దొచ్చింది. ఆ మాటకు చీర అన్న అర్థాన్ని అంత గట్టిగా పట్టుకున్న పిల్లను నేను మా ఊళ్లో కూడా చూడలేదు.

ఆ పూటంతా ఇద్దరం కూర్చుని ప్రకటన మళ్లీ రాశాం. మీలో ఎవరికైనా చిన్న వ్యాపారం ఉంటే ఇది పనికొస్తుంది, వినండి. విడి మాట తీసేసి "పెట్టుబడి చీరలు" అని జంటగా ఉంటేనే కనపడేలా పెట్టాం. లోను, వడ్డీ, షేర్లు, లాభం అనే మాటలు పక్కన ఉంటే అస్సలు కనపడొద్దని అడ్డుకట్ట వేశాం. మనవాళ్లు తెలుగు మాటను ఇంగ్లిషు అక్షరాల్లో కొడతారు కాబట్టి ఆ రాతలు కూడా చేర్చాం. దేశమంతా కాకుండా కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు మాత్రమే చూపించమన్నాం. ఇంకేం మాటలు పెట్టాలని ఆలోచిస్తుంటే వంటింట్లోంచి అక్క, ఒడిబియ్యం చీరలని పెట్టుండ్రి, మనోళ్లు ఆడబిడ్డకు ఒడిబియ్యం పోసేటప్పుడు చీర పెట్టకుంట ఉంటరా అని కేకేసింది. పెట్టాం. కింద ఒక్క వాక్యం శ్రావణి సొంతంగా రాసింది: నేసిన ఇంటి నుంచే మీ ఇంటికి.

అంతే, ఫోన్లు బంద్. మధ్యాహ్నం నుంచి పడుకునేదాకా ఒక్కటంటే ఒక్కటి మోగలేదు. బావ అన్నం తింటూ నా వైపు చూసి, "కొండనాల్కకు మందేస్తే ఉన్న నాల్క ఊడినట్టయింది గదా బామ్మర్ది" అన్నాడు. తప్పుడు ఫోన్లు ఆగడం మంచిదే అని చెప్పే ధైర్యం శ్రావణి మొహం చూశాక రాలేదు.

మరునాడు వాన తెరిపిచ్చింది. బావ, శ్రావణి, నేను షేర్ ఆటోలో ఉధ్నా దర్వాజా దాకా వెళ్లి, అక్కడ సిటీ బస్సు పట్టుకుని పర్వత్ పాటియాలో దిగాం. మనిషికి నలభై దాటలేదు, కానీ చీరల మూటల టెంపోల మధ్య గంటకు పైగా పట్టింది. మీరు వెళ్తే మార్కెట్లు తెరవకముందే బయల్దేరండి. సేఠ్ మర్యాదస్తుడు. చాయ్ తెప్పించాడు, బావను సత్తయ్యభాయ్ అని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఏడాది మాల్ మొత్తం తీసుకుంటాను, లేబుల్ మాది, ఆలోచించావా అని హిందీలో అడిగాడు. బావ చాయ్ ఊదుకుంటూ కూర్చున్నాడు. ఆయన కాదనలేడని నాకు తెలుసు, శ్రావణికి ఇంకా బాగా తెలుసు.

అప్పుడు మోగింది ఫోను. బయటికి పోయే టైము కూడా లేక శ్రావణి అక్కడే స్పీకర్ పెట్టి ఎత్తింది. మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దావిడ. బిడ్డ పెండ్లి శ్రావణంలో ఉంది, పెట్టుబడికి అరవై చీరలు కావాలి, సైటులో ఉన్న ముదురాకుపచ్చ అంచు చీరలు ఉన్నాయా అని అడిగింది. ఉన్నయ్ అమ్మా అంది శ్రావణి. ధర మాట్లాడుకున్నారు. ఇంక పెట్టేస్తుందనుకుంటే ఆవిడ ఇంకోటి అడిగింది.

"నేసిన ఇంటి నుంచే అని రాసిండ్రు గద బిడ్డా. ఎవలు నేసిండ్రు గివి?"

శ్రావణి ఫోను తండ్రి చేతిలో పెట్టింది. బావ చాయ్ కప్పు కింద పెట్టి, ఫోను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నేనే నేసినక్కా. మాది సిరిసిల్ల దిక్కు."

"మంచిగ నేసినవ్ తమ్మీ" అంది ఆవిడ.

అంతే, ఇంకేం లేదు. ముప్పై ఏళ్లుగా ఆ మనిషి నేస్తున్నాడు. కట్టుకునేవాళ్లు ఎవరైనా ఆయనను ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. సేఠ్ ఏమైందని అడిగితే శ్రావణి గుజరాతీలో గడగడా చెప్పింది. ఆయన నవ్వి, అయితే నా సంగతేంటి సత్తయ్యభాయ్ అన్నాడు. బావ లేచి నిలబడి, సగం మాల్ మీకే ఇస్తాను సేఠ్, సగం మా ఇంటామె పేరు మీద పోతది అన్నాడు. సేఠ్ చాయ్ కప్పు పక్కకు జరిపి, సగమే ఇవ్వు పర్వాలేదు, బాగున్న రంగులు మాత్రం నాకివ్వు అన్నాడు. వ్యాపారి వ్యాపారే మరి.

ఒక్క ఆర్డరుతో షెడ్డు నడవదని నాకూ తెలుసు. నేను బయల్దేరేలోపు ఒడిబియ్యం చీరలు కావాలని ఇంకో రెండు ఫోన్లు వచ్చాయి, అంతే. కానీ తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని నేను గర్వపడ్డాను, దాచుకోను. ఇన్నేళ్లుగా మాటలు అమ్ముకుని బతుకుతున్నాను. ఒక మాట తన మనిషిని వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చి చేరడం ఇప్పుడే చూశాను. మన పెళ్లిళ్లలో చేతులు మారే ఆ చీరలు మన చేతులే నేశాయి. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు, అంతే తేడా. నేను బయల్దేరేముందు మెట్‌పల్లి మూట కడుతూ అక్క ప్రతి చీర మడతలోనూ తన పేరున్న కాగితం తనే పెట్టింది. అక్కకు తెలుగు చదవడం రాదు. ఏది పైకి, ఏది కిందికి అని ఒక్కసారి శ్రావణిని అడిగి, తర్వాత అరవైలో ఒక్కటీ తిరగేయలేదు.

ఇక వ్యాపారం చేసేవాళ్లకు, సూరత్ వెళ్లేవాళ్లకు చెరో మాట. మీ ప్రకటనకు ఏ మాట పెట్టినా, దాని మీద డబ్బు పెట్టేముందు అది కొనేవాళ్ల ఇంట్లో ఏ అర్థంలో వాడతారో అడిగి చూడండి. బమ్రోలి వైపు పనుంటే మాత్రం సూరత్ దాకా పోకండి, ఉధ్నాలోనే దిగండి. సందుల్లో ఏ సేఠ్ ఖాతా అని ఆటోవాళ్లు అడుగుతారు. వనజ ఖాతా అని చెప్పండి. నేనొచ్చేశాక బావ బోర్డు రాయించాడు, తెలుగులో, గుజరాతీలో, ఆటోవాడికి కూడా కనపడేంత పెద్దగా.