ముందు అక్క అన్నం తినాలి

బెంగుళూరు మెజెస్టిక్ స్టేషన్లో హిందూపురం రైలు దిగిన పుల్లమ్మ, తమ్ముడు లింగన్నను చూడగానే అడిగిన మొదటి మాట, "వాడేడప్పా?"

"వాడికి పని ఉండాదక్కా. సాయంత్రం చూద్దువులే" అన్నాడు లింగన్న.

చూసే మాట నిజమే. ఆనేకల్ దగ్గర కడుతున్న బిల్డింగులో తెల్లవారే సెంట్రింగు పలకలు విప్పబోయి, పుల్లమ్మ ఒక్కగానొక్క కొడుకు నరేశ్ పైనుంచి పడి చనిపోయాడు. అప్పటికే పుల్లమ్మ రైలెక్కేసింది. ఆసుపత్రిలో పోస్టుమార్టం చేసి సాయంత్రానికిగానీ శవాన్ని ఇవ్వలేమన్నారు. తోటి మనుషుల్ని అక్కడ కాపలా ఉంచి, మేస్త్రీ లింగన్న మొహం కడుక్కుని స్టేషనుకు వచ్చాడు.

చావు కబురు చల్లగా చెప్పాడని లోకం ఎగతాళి చేస్తుందిగానీ, చెప్పాల్సినవాడి కడుపులో మంట లోకానికేం తెలుసు? పైగా వాళ్ళ ఊళ్ళల్లో ఒక కట్టడి ఉంది. దూరం నుంచి వచ్చిన మనిషికి ముందు అన్నం పెట్టాలి, ఆ తర్వాతే చావు మాట చెప్పాలి. చెప్పాక మట్టి చేసేదాకా మెతుకు ముట్టరు. ఇదేం చోద్యమని చదువుకున్నవాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోనీ. ఖాళీ కడుపుతో ఏడ్చి ఏడ్చి పడిపోయిన ఆడవాళ్ళను చూసినవాళ్ళు పెట్టిన కట్టడి అది.

అందుకని లింగన్న స్టేషను బయటే ఇడ్లీలు కట్టించుకొచ్చి అక్క చేతిలో పెట్టాడు.

"రైలు కుదుపులకు కడుపులో తిప్పుతాండాదప్పా" అని పుల్లమ్మ పొట్లం తిరిగి ఇచ్చేసింది. "వాడు చూపిస్తానన్న ఊరు నువ్వన్నా చూపీ, పోదాం."

విధానసౌధ చూపించాడు. పుల్లమ్మ ఇనుప కంచెకు మొహం ఆనించి, "ఇన్ని రాళ్ళు ఎవురు మోసిరో, ఎంతమంది పడిరో" అంది. లింగన్న ఆమెను అక్కడినుంచి కదిలించాడు. దగ్గర్లో ఒక దర్శిని హోటలు ఉంటే తీసుకెళ్ళి మసాలా దోసె చెప్పాడు. అంతా నిలబడే తింటున్నారు. ఎర్రగా కాలిన దోసె వచ్చింది.

"నిలబడి నాకు దిగదప్పా. నువ్వు తిను" అని ఆమె వీధిలోకి వెళ్ళి నుంచుంది. లింగన్నకూ ముద్ద దిగలేదు. దోసె బల్లమీదే చల్లారిపోయింది.

తర్వాత అలసూరు చెరువు. పుల్లమ్మ గట్టుమీద కూర్చుని నీళ్ళకేసి చాలాసేపు చూసింది.

"ఇదేనా సముద్రం?"

"బెంగుళూరులో సముద్రం యాడిది అక్కా!"

"ఉండాదని చెప్పినాడు దొంగనాయాలు. పడవలు తిరుగుతాయమ్మా, వచ్చినపుడు ఎక్కిస్తానన్న్యాడు." ఆమె నవ్వింది. ఆ నవ్వు చూడలేక లింగన్న పక్కకు తిరిగాడు. బఠానీల బండి కనిపిస్తే అవీ కొన్నాడు. ఆమె కొంగున ముడేసుకుందిగానీ ఒక్కటీ నోట్లో వేసుకోలేదు.

పొద్దు వాలుతోంది. ఆనేకల్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఇక తప్పదని లింగన్న ఆమెను కాటన్‌పేటలో తనకు తెలిసిన శ్రీనివాసప్ప మెస్సుకు తీసుకెళ్ళాడు. తరాల కిందట వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళ మెస్సు, కూర్చుని తినడానికి బల్లలున్నాయి. శ్రీనివాసప్ప ఆకులేసి సంగటి, పప్పు వడ్డించాడు. పుల్లమ్మ చెయ్యి పెట్టలేదు.

"పోనీ పెరుగన్నమన్నా తినక్కా, నీకు దండం పెడతా" అని లింగన్న వేరే ఆకులో అన్నం పెట్టించి పెరుగు పోసి, తన చేత్తోనే మెత్తగా పిసికి కలిపి, ఆకు ఆమె ముందుకు జరిపాడు.

పుల్లమ్మ ఆ ఆకునూ, తమ్ముడి చేతినీ చూసింది.

"మీ బావ పోయిన దినమూ నువ్వే గదప్పా, ఇట్లే పెరుగన్నం కలిపి పెడితివి. నేను ఏమీ తెలీక కడుపునిండా తింటి. తిన్నంక చెప్తివి."

లింగన్న పెరుగంటిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పొద్దున రైలు దిగంగానే ఇడ్లీలు పెడితివే, అపుడే నాకు తెలిసె. నేను తినకుంటే నువ్వు చెప్పవు. నువ్వు చెప్పకుంటే నా బిడ్డ యాడో పనిలో ఉన్నట్లే గదా అనుకుంటి. ఊరంతా అందుకే తిరిగితి."

లింగన్నకు దుఃఖం ఆగలేదు. అక్క పాదాల దగ్గర కూలబడి, తుండుగుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

పుల్లమ్మ కంట నీరు రాలేదు. ఆకు దగ్గరకు లాక్కుని ఒక ముద్ద తింది. ఇంకొకటి తింది. మూడో ముద్ద మింగలేక నీళ్ళు తాగి దించుకుంది. ఆ తర్వాతి ముద్ద తమ్ముడి నోటి దగ్గర పెట్టింది.

"నువ్వూ తెల్లారినుంచి ఏమీ తినల్యా. తినప్పా. వాన్ని మొయ్యాల్సిన మేనమామవు నువ్వే."