ఇరవయ్యేడో పటం హాజరు

మా కామెరీనో ఊళ్లో బడిపిల్లలకే కాదు, పటాలకి కూడా హాజరు వేసేవారు, కాకపోతే ఏడాదికి ఒక్కసారి. ఊరిని కాచే సెయింట్ వెనాన్జియో పండుగనాడు, సెర్రవాంతి ప్రభువుల మేడ మీది పొడుగాటి హాల్లో. నోటరీ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, పాత జాబితా తెరిచి "ఒకటి" అనేవాడు. కాపలాదారు నజ్జరేనో మొదటి పటం చట్రం మీద చెయ్యి వేసి "ఉంది" అనేవాడు. అలా అరవై ఒకటి దాకా. ఊరి గ్రంథాలయం నడిపేవాణ్ణి గనక సాక్షిగా పక్కన నిలబడే పని నాది. పాతికేళ్లు నిలబడ్డాను.

నాలుగు వందల ఏళ్ల కిందట ఆ వంశంలో బిషప్పు అయిన ఒకాయన ఆ పటాలన్నీ కూడబెట్టాడు. చిత్రకారుల ఇళ్లకి తానే వెళ్లి, రంగు ఆరీ ఆరకముందే పట్టుకొచ్చేవాడట. ప్రతి పటానికీ కుడివైపు కింది మూల తెల్లరంగుతో నంబరు వేయించాడు. తన వారసులు ఎలాంటివాళ్లో ముందే తెలిసినట్టుంది, వీలునామాలో వాళ్లని వదిలేసి కాపలాదారుణ్ణి నమ్మాడు. అరవై ఒక్క నంబర్లూ గోడ మీద ఉన్నంతకాలం కాపలాదారు కుటుంబం గేటు పక్క రెండు గదుల్లో ఉండొచ్చు. ఒక్క నంబరు లేకపోయినా ఆ పొద్దు గూకేలోగా ఖాళీ చెయ్యాలి.

వారసులు అనుకున్నట్టే నడుచుకున్నారు. పటం అమ్మాలనిపించినప్పుడల్లా కాపలాదారుని పిలిచేవారు. అతను అంగళ్లకి బోర్డులు రాసేవాడి చేత నకలు వేయించేవాడు. కొత్తరంగు మెరుపు చావడానికి దాన్ని రెండు నెలలు తన వంటింటి పొగగొట్టంలో, పంది మాంసం సాసేజీల మధ్య వేలాడదీసేవాడు. తర్వాత నంబరు వేసి గోడకి తగిలించేవాడు. అందుకే ఆ హాల్లో అడుగు పెడితే భక్తి కన్నా ముందు ఆకలి పుట్టేది. నోటరీ నంబరు చూసేవాడు, కాపలాదారు గదులు నిలిచేవి, ప్రభువులు తమ పటాల గొప్ప చెప్పుకునేవారు. అందరూ సుఖంగానే ఉన్నారు.

నజ్జరేనో ఆ గదుల్లోనే పుట్టాడు. పెళ్లాన్ని తెచ్చుకున్నదీ అక్కడికే. ప్రతి ఫిబ్రవరిలో సన్నటి కుంచెతో వెలిసిన నంబర్లని దిద్దేవాడు. అతని రెండూ, ఏడూ చూడముచ్చటగా ఉండేవి. ఆ అంకెల పైన ఏ బొమ్మ ఉందని అడిగితే మాత్రం కాసేపు ఆలోచించేవాడు.

పంతొమ్మిది వందల యాభై ఆరులో రోము నుంచి ప్రభుత్వ కళాశాఖ ఆఫీసరు ఒకావిడ వచ్చింది. పేరు లీవియా బోన్‌ఫాంతి. పొట్టి మనిషి, భుజాన పెద్ద సంచి. హాలంతా ఒక చుట్టు తిరిగి, ఇరవయ్యేడో నంబరు దగ్గర ఆగింది. నల్లగా మసిబారిన మేరీమాత, ఒళ్లో పసివాడు, ఆ పసివాడి చేతిలో దోసకాయ.

"మిగతా అరవై నకళ్లు," అంది. "దీన్ని మాత్రం మంచి వెలుతుర్లో మళ్లీ చూడాలి. వచ్చే వారం వస్తాను. అసలుదైతే రోముకి తీసుకుపోతాం. ఇక్కడ చెమ్మ ఎక్కువ."

మర్నాడు నజ్జరేనో గ్రంథాలయానికి వచ్చి, టోపీ చేతుల్లో నలుపుతూ కూర్చున్నాడు. అప్పటికి అరవై ఎనిమిదేళ్లవాడు. పెళ్లాం డెర్నాకి మోకాళ్లు పనిచెయ్యవు.

"అరవై దొంగ పటాలు నాకు నీడ ఇచ్చాయి మాస్టారూ. ఒక్క నిజం పటం నన్ను వీధిలోకి గెంటేస్తుందా?"

"దాన్ని మీ తాత పెట్టెలో సర్ది కొన్నవాళ్లకి పంపించాడంటివి కదా?"

"పంపాడు. ఏది పంపాడో ఎవడు చూశాడు? నకలు రెండు నెలలు పొగలో ఉండి నల్లబడింది. అసలుదాన్నేమో, కొన్నాయన మెచ్చుకోవాలని, మెత్తటి రొట్టెతో రుద్ది తళతళలాడించాడు. రెండూ పక్కపక్కనే పెట్టుకున్నాడు. మా తాతకి ఒక కంట్లో పొర. పాతగా కనబడినదే అసలుదనుకుని దాన్ని పెట్టెలో పెట్టి మేకులు కొట్టుంటాడు. గోడకెక్కింది ఇన్నేళ్ల దీపాల పొగకి నల్లబడింది."

"ఊహే కదయ్యా."

"మా నానమ్మ చచ్చేదాకా అంటూనే ఉంది, పెట్టె బండి ఎక్కుతుంటే సాసేజీ వాసన వచ్చిందని. చాదస్తం అనుకున్నాం."

ఆ వారం ఇరవయ్యేడో పటం గోడ దిగి పొగగొట్టం ఎక్కింది. నేను వెళ్లేసరికి డెర్నా మొగుణ్ణి కడిగేస్తోంది.

"ఏమయ్యా, మతి ఉందా నీకు? తల్లిని తీసుకెళ్లి పంది మాంసం పక్కన వేలాడదీస్తావా?"

"పైన ఉన్న అరవైమందీ అక్కడ ఉండి వచ్చినవాళ్లేనే. ఈవిడకొక్కదానికే ఏం నామోషీ?"

"పాపం తగులుతుంది."

"గదులు పోతే ఎక్కడ పడుకుంటావు మరి?"

డెర్నా శిలువ వేసుకుంది. పొయ్యిలో ఇంకో మొద్దు పెట్టింది.

అన్నట్టుగానే ఆఫీసరమ్మ వచ్చింది. ఈసారి ప్రభువు ఆస్కానియోగారు కూడా హాల్లోకి వచ్చారు. వంశంలో మిగిలింది ఆయనొక్కడే. మోచేతులు అరిగిన కోటు, ఉంగరపు వేలు మాత్రం ఎప్పుడూ ముందుకే ఉండేది.

ఆవిడ పటం దగ్గరికి వంగి ముక్కు ఎగబీల్చింది. "సాసేజీ వాసన."

"అవునమ్మగారూ, నకలే," అన్నాడు నజ్జరేనో. "మా తాతే వేయించాడు. మా వంశం వంశమంతా దొంగలమే, రాసుకోండి."

"అతను చెప్పేది నిజం," అన్నారు ప్రభువుగారు. "అసలు పటాన్ని మా తాతగారు ఒక విదేశీ పెద్దమనిషికి అమ్మారు. అది ఇక్కడే ఉందంటే మా తాతగారు మోసగాడనే కదా? మా వంశంలో మోసం లేదు. ఇది నకలే, మా పరువు మీద ఒట్టు!"

"మరి మిగతా అరవై నకళ్ల మాటేమిటండీ?"

"వాటిలో మోసమేముంది? వాటి అసళ్లన్నీ నిజాయితీగా అమ్మేశాం."

ఆవిడ మళ్లీ పటం వైపు తిరిగింది. సంచిలోంచి దూదిపుల్ల తీసి, నాలుకతో తడిచేసి, మేరీమాత పైబట్ట మీద రుద్దింది. దూది నల్లబడింది. పటంలో గోరంత మేర నీలం బయటపడింది. అలాంటి నీలం నేను అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఇంకో పుల్ల తీసి దోసకాయని తుడిచింది.

నజ్జరేనో ముందుకు వంగాడు. యాభై ఏళ్లు దుమ్ము దులిపిన పటం అది.

"నూగు ఉంది," అన్నాడు మెల్లగా. "లేత కాయ."

ఆ ఒక్క నిమిషం అతనికి గదుల సంగతి గుర్తులేదు. మరు నిమిషంలో గుర్తొచ్చి కిటికీ అరుగు మీద కూలబడ్డాడు.

ఏప్రిల్లో రోము మనుషులు వచ్చి పటాన్ని చట్రంలోంచి తీసి గుడ్డల్లో చుట్టారు. చట్రం తర్వాతి కాలానిదని, తమకి అక్కర్లేదని అక్కడే వదిలేశారు. ఆఫీసరమ్మ రసీదు రాయబోతుంటే నజ్జరేనో దగ్గరికి వెళ్లాడు.

"అమ్మగారూ, కొంచెం పెద్ద కాగితం మీద రాయండి."

"ఎందుకు?"

"కళ్లు ఆనవమ్మా."

ఆవిడ అతణ్ణీ, గోడ మీద ఖాళీ చట్రాన్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత సంచిలోంచి దళసరి కాగితం ఒకటి తీసి, పెద్ద అక్షరాలతో నింపి, ముద్ర కొట్టి సంతకం పెట్టింది.

పండుగ వచ్చింది. డెర్నా ఆ పొద్దున్నే గిన్నెలు మూట కట్టి గేటు దగ్గర పెట్టుకుంది. మేడ మీద ఎప్పటిలాగే పిలుపు మొదలైంది.

"ఇరవయ్యారు."

"ఉంది."

"ఇరవయ్యేడు."

నజ్జరేనో చట్రం మీద చెయ్యి వేశాడు. "ఉంది."

చట్రంలో రసీదు, దాని కుడివైపు కింది మూల తెల్లటి అంకెలు. అతను అంత బాగా ఎప్పుడూ రాయలేదు. చట్రాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

నోటరీ కుర్చీలోంచి లేచాడు. పాతికేళ్లలో అదే మొదటిసారి. బొమ్మలంటే ఆయనకి పట్టదు గాని కాగితం కనబడితే వదలడు. దగ్గరికి వచ్చి మొదటి నుంచి చివరి దాకా చదివాడు.

"ఇది రసీదు."

"నంబరు చూడండి సార్."

"నంబరు ఉంది. ఈ సంతకం అసలుదేనా?"

ఆ ప్రశ్న నాకు. "అసలుదే. ఆఫీసరమ్మ నా కళ్ల ముందే పెట్టింది," అన్నాను. ఆ హాల్లో ఒక వస్తువు అసలుదని నేను సాక్ష్యం చెప్పింది ఆ ఒక్కసారే.

నోటరీ మళ్లీ కూర్చుని జాబితాలో గీత పెట్టాడు. "ఇరవయ్యెనిమిది," అన్నాడు. కింద డెర్నా మూట విప్పుతున్న చప్పుడు, గిన్నెల చప్పుడు, అరవై ఒకటి పూర్తయ్యాక వినబడింది.

నజ్జరేనో ఆ గదుల్లోనే ఇంకో పదకొండేళ్లు బతికాడు. మధ్యలో ఒకసారి బస్సెక్కి రోము వెళ్లొచ్చాడు. తిరిగి రాగానే గ్రంథాలయానికి వచ్చాడు. ముఖం వేలాడేసుకుని ఉన్నాడు.

"చూశావా? ఎలా ఉంది?"

"బాగా పెట్టారు మాస్టారూ. దీపం పెట్టారు, తాడు కట్టారు, పక్కన మనిషిని నిలబెట్టారు." టోపీ నలిపాడు. "కానీ శుభ్రం చేస్తూ నంబరు తుడిచేశారు. ఇప్పుడది ఏ పటమో ఎవరికి తెలుస్తుంది చెప్పండి?"